పద్నాలుగో నంబరు బిళ్ళ

గోడ మీద పోస్టరు ఇంకా ఆరలేదు. మైదా జిగురు అంచుల్లోంచి కారుతూనే ఉంది. సారవ్వ దాని ముందు నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. తప్పు చదివాననుకుని, జారిన కళ్ళద్దాలు పైకి తోసుకుని మళ్ళీ చదివింది. రెండోసారీ అదే ఉంది.

"చిట్టికొక్కుతో కలిసి బొగ్గుబాయి దిగండి! ఇత్తడి బిళ్ళ మీదే, ఇంటికి తీసుకెళ్ళండి!"

కింద పందికొక్కు పిల్ల బొమ్మ. నెత్తిన టోపీ, టోపీకి లైటు, మెడలో బిళ్ళ, ముందరి పళ్ళు రెండూ బయటపెట్టి నవ్వు.

సారవ్వ కొంగు నడుముకు దోపి, రేకుల షెడ్డు వైపు నడిచింది. అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు నొప్పులు. అయినా దారిలో ఇనుప ముక్కలకు వెల్డింగు చేస్తున్నవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఆమె మొహం అట్లా ఉంది.

షెడ్డులో పవన్‌కుమార్ లాప్‌టాప్ ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. ఆట సామాన్లు కట్టే ఇంజనీరు. విజయవాడవాడు. పార్కు పనంతా అతని చేతి మీదే నడుస్తోంది.

"ఎవడు రాసిండు సారు గిది?"

"ఏది పెద్దమ్మా?"

"బిళ్ళ ఇంటికి తీస్కపొమ్మని ఎవడు రాసిండు?"

"నేనే రాయించాను. పిల్లలకి గుర్తుగా ఉంటుంది. ఇంట్లో పెట్టుకుంటే పదిమందికి చూపిస్తారు, వాళ్ళూ వస్తారు. ఐడియా బాలేదా?"

"బిళ్ళ ఇంటికి పోతే మనిషి బాయిలున్నట్టు. గీ ముచ్చట మీకు మొదటిరోజే చెప్పిన. బొమ్మలు గీసే హాసిని బిడ్డ రాసుకున్నది గూడ."

"అది నిజం బాయి పెద్దమ్మా. ఇది ఫైబర్ బాయి. గోడ గోకితే రంగు ఊడొస్తుంది." అతను నవ్వి, చేతిలోని బిస్కెట్టు టీలో ముంచాడు. "ఎల్లుండి ట్రయల్. పోస్టర్లు మూడు ఊళ్ళలో అంటించేశాం. ఇప్పుడేం మార్చలేను."

"గయితే రెండు బిళ్ళలు చెయ్యిర్రి. ఇత్తడిది నా దగ్గర, రేకుది ఇంటికి."

"ఎల్లుండి ట్రయల్ అంటున్నానా!"

బిస్కెట్టు విరిగి టీలో పడిపోయింది. దానికి కూడా సారవ్వదే తప్పన్నట్టు చూశాడు.

బొగ్గుబాయిల ఊరైన ఖని నుంచి మంథని పోయే దారిలో ఈ పార్కు కడుతున్నారు. పేరు ఆనందఖని. యజమాని వేణుమాధవ్‌ది మంచిర్యాల, పెద్ద వ్యాపారస్తుడు. చిట్టికొక్కు బొమ్మల సినిమా రెండేళ్ళ కిందట వచ్చింది. పిల్లల స్కూలు సంచుల మీద, నీళ్ళ సీసాల మీద అంతా ఆ కొక్కే. వాళ్ళమ్మ బొగ్గుబాయిలో చిక్కుకుంటే, అది బొరియలు తవ్వుకుంటూ పోయి తల్లిని పైకి తెస్తుంది. కథ అంతే. ఆ కథలో పిల్లల్ని కూచోబెట్టి తిప్పే ఆట తయారు చెయ్యాలని వేణుమాధవ్ సినిమా వాళ్ళ దగ్గర హక్కులు కొన్నాడు. బొమ్మలు గీసి, ఎక్కడ ఏం కనపడాలో, ఏం వినపడాలో రాసే పని హాసినికి అప్పగించాడు.

హాసిని ఖనిలో పుట్టిన పిల్లే. ఆమె నాన్న ఏలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. హాసినికి బాయి దిగిన అనుభవం లేదు గానీ అడిగి తెలుసుకునే బుద్ధి ఉంది. అట్లా అడుక్కుంటూ ఎయిట్ ఇంక్లైన్ కాలనీకి, సారవ్వ కూతురు సంతోషి ఇంటికి వచ్చింది.

"మీరు ల్యాంపు రూములో ఇరవై రెండేళ్ళు చేశారట కదా అవ్వా? బాయి దిగేవాళ్ళు ముందు ఏం చేస్తారు? నాకు మొదటి సీను కావాలి."

"ముందుగాల బిళ్ళ" అంది సారవ్వ.

ఆమె చేసిన బాయి దగ్గర, దిగేవాళ్ళకు లైట్లిచ్చే ఆ ల్యాంపు రూము గోడకు పెద్ద చెక్క ఉండేది. దాని నిండా కొక్కేలు, కొక్కేనికో నంబరు, నంబరుకో ఇత్తడి బిళ్ళ. దిగేవాడు తన బిళ్ళ తీసి మెడకేసుకుని దిగాలి. ఎక్కినాక తన చేత్తోనే అదే కొక్కేనికి తగిలించాలి. షిఫ్టు అయిపోయినాక కొక్కెం ఖాళీగా ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. ఆ మనిషి దొరికేదాకా ల్యాంపు రూములో ఎవరూ ఇంటికి పోరు.

హాసిని కళ్ళు మెరిశాయి. అక్కడికక్కడే కాగితం మీద చెక్క గీసింది, ఇరవై కొక్కేలు గీసింది. "కొక్కు బిళ్ళ, కొక్కేనికి!" అని తనే నవ్వుకుంది. సారవ్వకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత నాలుగు నెలలు సారవ్వ రోజూ ఆటోలో పార్కుకు వచ్చి పోయింది. ఫైబర్ గోడకు బొగ్గు మెరుపు ఎట్లా ఉండాలో చెప్పింది. కప్పు కూలే ముందు దాన్ని మోసే దుంగలు ఏడుస్తాయని చెప్పింది. "గుట్టంత బరువు మీద పడ్డంక కట్టె ఊకుంటదా? కిర్రుమంటది. గా ఏడుపు విన్నోడు ఉరుకుతడు, బతుకుతడు." హాసిని ఎండు తుమ్మ దుంగలు తెప్పించి, జాకీలతో నొక్కించి ఆ చప్పుడు రికార్డు చేసింది. నాలుగో మలుపులో కప్పు కూలుతుంది. ఫైబర్ బండలు గొలుసుల మీద ధడేలుమని దిగి పిల్లల తలలకు మూరెడు పైన ఆగుతాయి. తెర మీద చిట్టికొక్కు వాటిని వీపుతో మోస్తుంది. అందరూ పైకొస్తారు.

"సినిమాల అందరు పైకొస్తరు" అంది సారవ్వ ఒకరోజు, ఎటో చూస్తూ. హాసిని గీస్తున్న పెన్సిలు ఆపింది. సారవ్వ మొగుడి సంగతి అప్పటికే ఆమెకు తెలుసు.

అది తెలిసింది పోశం వల్ల. పిల్లలు కూచునే టబ్బులను, ఆ పట్టాల బండ్లను, తాడుతో లాగే ఇంజను దగ్గర అతను ఉన్నాడు. అతనూ రిటైరైనవాడే. ఆ పని తెలిసినవాడు వేరే ఎవరూ దొరక్క పవన్‌కుమార్ అతన్ని పెట్టుకున్నాడు. మొదటిరోజు అతన్ని చూడగానే సారవ్వ చెప్పులు తొడుక్కుని వెనక్కి పోబోయింది. హాసిని బతిమాలి ఆపింది. ఆగింది గానీ, ఆ నాలుగు నెలల్లో పోశంతో ఒక్క మాట మాట్లాడలేదు. అతను నాలుగడుగుల దూరంలో ఉన్నా సరే, "హాసిని బిడ్డా, గా ఇంజను కాడి మనిషికి చెప్పు, తాడుకు గ్రీసు పెట్టుమను" అనేది. పోశం లేచి గ్రీసు పెట్టేవాడు. "పెట్టిన అని ఒదినెకు చెప్పు బిడ్డా" అనేవాడు. మధ్యలో హాసిని ఇద్దరి మొహాలూ చూసేది.

సారవ్వ మొగుడు కొమురెల్లి, పోశం ఒక్క షిఫ్టే, ఒక్క పళ్ళెంలో తినేవాళ్ళు. పాతికేళ్ళ కిందట ఒకనాడు పొద్దటి షిఫ్టు అయిపోయి, మూడు గంటలకు ఇద్దరూ పైకి నడుస్తున్నారు. సగం దారిలో కొమురెల్లికి సద్దిగిన్నె మరిచిపోయిన సంగతి గుర్తొచ్చింది. కొత్త గిన్నె, సారవ్వ జాతరలో కొన్నది. "ఇది పోగొడితే ఇంట్ల అన్నం పుట్టది నాకు" అని నవ్వి, మెడలో బిళ్ళ తీసి పోశం చేతిలో పెట్టాడు. "అక్కడ లైను ఉంటది, నాది నువ్వే తగిలియ్యి. గిట్ల పోయి గట్లొస్త." అప్పట్లో ఒకరి బిళ్ళ ఒకరు తగిలించడం మామూలే. దాన్ని దోస్తానీ అనుకునేవాళ్ళు. పోశం రెండు బిళ్ళలూ తగిలించి ఇంటికి పోయాడు. చెక్క నిండిపోయింది, లెక్క సరిపోయింది. కొమురెల్లి కోసం ఎవరూ వెతకలేదు. పోశంతో కలిసి ఎటో పోయి ఉంటాడని ఇంటి దగ్గర సారవ్వ అనుకుంది. మర్నాడు పొద్దున, కప్పు కూలి పడ్డ రాయి కింద దొరికాడు. గంట కిందటి దాకా ప్రాణం ఉండేదని డాక్టరు చెప్పాడు.

మొగుడి ఉద్యోగం ఆమెకిచ్చారు. అడిగి మరీ ఆ చెక్క దగ్గరే డ్యూటీ వేయించుకుంది. ఇరవై రెండేళ్ళలో ఒకడి బిళ్ళ ఇంకొకడు తగిలించబోతే చెయ్యి మీద కొట్టింది. ఓవర్‌మన్ అని లేదు, మేనేజరు అని లేదు.

ట్రయల్ రోజు పొద్దున పదింటికే ఎండ దంచుతోంది. గేటు దగ్గర బ్యాండు. వేణుమాధవ్‌కు శాలువా కప్పారు, దండ వేశారు. అతను, పత్రికల వాళ్ళు, వ్యాపారస్తులు, కాలనీ పిల్లలు కలిసి మొదటి ట్రిప్పుకు ఇరవై మంది. సారవ్వ ఒక్కొక్కరి మెడలో బిళ్ళ వేసి నంబరు చదివి చెప్పింది. "మళ్ల మీ చేత్తోనే గీ కొక్కేనికి తగిలియ్యాలె" అని ఇరవై సార్లు చెప్పింది. వెనక నుంచి పవన్‌కుమార్ మైకులో "బిళ్ళ ఇంటికి తీసుకెళ్ళచ్చు, మీదే!" అని అరుస్తున్నాడు.

పోశం లీవరు గుంజాడు. ఐదు టబ్బులు చీకట్లోకి పోయాయి. లోపల కిర్రుమంది, ధడేలుమంది, కేకలు, ఆ వెంటనే నవ్వులు. ఐదు నిమిషాలకు అవతలి నోటిలోంచి టబ్బులు బయటికి రాగానే అందరూ ఒక్కసారి దిగి మీద పడ్డారు. సారవ్వ దాదాపు కొట్లాడింది. పిల్లల మెడలు పట్టుకుని, సంచులు దులిపి, ఒక విలేకరి జేబులోంచి లాగి తగిలింపజేసింది. గుంపు పలచబడ్డాక చెక్క చూసింది.

పంతొమ్మిది. పద్నాలుగో కొక్కెం ఖాళీ.

"ఆపుర్రి!" అంది.

అప్పటికే రెండో ట్రిప్పు జనం టబ్బుల్లో కూచుంటున్నారు. పవన్‌కుమార్ పరుగున వచ్చాడు.

"ఏంటి మళ్ళీ?"

"ఒక మనిషి లోపలున్నడు."

"ఎవరూ లేరు. అందరూ దిగడం నేను చూశాను."

"లెక్కపెట్టిన్రా?"

"లెక్కేంటి! కెమెరా ఉంది."

"చీకట్ల మీ కెమెరాకు ఏం గానొస్తది? చూపియ్యిర్రి."

అతను ఫోను తీసి చూపించాడు. నల్లగా ఉంది. నల్లటి దాంట్లో చిట్టికొక్కు పళ్ళు తెల్లగా కనపడుతున్నాయి.

"ఎవడో జేబులో వేసుకుని పోయుంటాడు పెద్దమ్మా! తీసుకెళ్ళమని మనమేగా రాశాం!"

"మనం కాదు. నువ్వు రాసినవ్."

ఆమె పోయి ముందు టబ్బు ముందర పట్టాల మీద కూచుంది. టబ్బులోని పిల్లలు పకపకా నవ్వారు, ఇది కూడా ఆటలో భాగమే అనుకున్నారు. ఒకడు ఫోనులో వీడియో తీశాడు. "ముసల్దానికి పిచ్చి లేచింది" అన్నారెవరో. పవన్‌కుమార్ గొంతు పెంచాడు. "చదువూ సంధ్యా లేని మనిషిని తెచ్చి నెత్తిన పెట్టుకున్నాం చూడు, మాకు బుద్ధి లేదు! ఇదేం ల్యాంపు రూమనుకుంటున్నావా? నీ డ్యూటీ ఎప్పుడో అయిపోయింది, లే!" హాసిని మధ్యలోకొచ్చి ఏదో అనబోతే, "నువ్వూరుకో" అని ఆమెనూ కసిరాడు.

సారవ్వ మెడ తిప్పి మరోసారి చెక్క చూసింది.

ఇరవై.

పద్నాలుగో కొక్కేనికి బిళ్ళ వేలాడుతోంది, ఇంకా ఊగుతోంది. దాని పక్కనుంచి పోశం తల దించుకుని ఇంజను వైపు నడిచిపోతున్నాడు.

ఆమె ఎట్లా లేచిందో ఆమెకే తెలియదు. చెక్క దగ్గరికి పోయి బిళ్ళ పట్టుకుని చూసింది. దాని మీద నంబరు లేదు. నమూనాకు కోసిన ఉత్త ఇత్తడి ముక్క.

"పోశం!"

పోశం ఆగిపోయాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ గొంతులో తన పేరు విని వెనక్కి తిరిగాడు.

"గిది నువ్వే తగిలిచ్చినవా?"

"ఒదినె... నిన్ను గట్ల తిడుతుంటె చూడలేకపోయిన. లోపల ఎవ్వలు లేరు ఒదినె, నాకెరికే. జర లెక్క సరిపోతే నిన్ను ఇడిసిపెడ్తరని..."

"లెక్క సరిపోతే!" ఆ కేకకు బ్యాండు వాళ్ళు కూడా ఆగిపోయారు. "గప్పుడు గూడ లెక్క సరిపోయింది! గప్పుడు గూడ నీకెరికే! నీ మంచితనం మన్నువడ! నువ్వు తగిలియ్యకపోతే గా కొక్కెం ఒర్లుతుండె, ఈడ మనిషున్నడు, మనిషున్నడు అని ఒర్లుతుండె! దాని నోరు మూసినవ్. మళ్ల ఇయ్యాల మూస్తున్నవ్. నన్ను తిడితె నీకేంది? తిట్టనియ్యి! తిడితె సస్తనా నేను?"

ఉత్త బిళ్ళను కొక్కెం మీంచి పీకి అతని కాళ్ళ దగ్గర విసిరికొట్టింది. హాసిని చేతిలో టార్చి లాక్కుని చీకట్లోకి నడిచింది.

"అవ్వా, నేనొస్తా" అని హాసిని వెనకే ఉరికింది.

ఇద్దరూ మలుపు మలుపూ తిరిగారు. బొమ్మల వెనక, ఫైబర్ బండల కింద, పొగ మిషన్ల సందుల్లో చూశారు. సారవ్వ ప్రతిచోటా ఆగి, "ఎవలన్న ఉన్నరా? పలకుర్రి!" అని పిలిచి, చెవి పెట్టి వింది. ఊపిరి బిగబట్టి వింది. నాలుగో మలుపులో ఆమె ఆగి గోడ పట్టుకుంది, రంగు చేతికంటింది. హాసిని ఆమె భుజం పట్టుకుంది. కాసేపటికి సారవ్వే "నడువు" అంది. అటు చివరిదాకా పోయారు. ఎవరూ లేరు.

బయటికొచ్చేసరికి వేణుమాధవ్ నిలబడి ఉన్నాడు. మొదటి ట్రిప్పు దిగి ఏసీ కారులో కూచుని ఫోను మాట్లాడుకుని ఇప్పుడే వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

"నలభై నిమిషాలైంది! పత్రికల వాళ్ళ ముందు పరువు పోయింది. ఎవరమ్మా నువ్వు? లోపల ఎవరున్నారు, చెప్పు? ఎవరున్నారు?"

"ఎవ్వలు లేరు."

"మరి?"

"లేరని సూసినంక ఎరికైంది. సూడకముందు ఎట్ల ఎరిక?"

సారవ్వ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. శాలువా అంచున నల్లదారం కనపడింది. తర్వాత రెండడుగులు వేసి, అతని భుజం మీది శాలువా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. దండ తెగి పూలు రాలాయి. కింద, మెడలో, నల్లదారానికి ఇత్తడి బిళ్ళ. పద్నాలుగు.

జనంలో ఎవడో ఈల వేశాడు. వేణుమాధవ్ బిళ్ళను చేత్తో మూసుకున్నాడు.

"ఇంటికి తీసుకెళ్ళమని రాసుంది కదా! అయినా నేను అందరికీ కనపడుతూనే ఉన్నాను కదా, నా కోసం లోపల వెతకడం ఏంటి?"

"మీరు పెద్దసారు, అందరికి కనవడుతరు. రేపు ఎవని పిల్లనో పొగకు కండ్లు తిరిగి గా నాలుగో మలుపుల పడిపోతది. రెండో ట్రిప్పు పోతది, మూడో ట్రిప్పు పోతది, గా రాళ్ళు దాని మీదికి దిగుతయి. దాని బిళ్ళ ఇంటికి పోయిందనుకుంటరు మీరు. గదా?"

వేణుమాధవ్ పవన్‌కుమార్ వైపు చూశాడు. పవన్‌కుమార్ నేల చూశాడు. మరుక్షణం తేరుకున్నాడు. "తర్వాత మాట్లాడదాం సార్. జనం చూస్తున్నారు. పెద్దమ్మా, నువ్వు ఇంటికెళ్ళు, ఇక రానక్కర్లేదు. పోశం! లాగు!"

ఇంజను గురగురమంటూనే ఉంది. పోశం లీవరు మీంచి చెయ్యి తీశాడు.

"పోశం! నీకే చెప్పేది!"

"ఒదినె చెప్పంది గుంజ" అన్నాడు పోశం.

"ఒదినెకేం సంబంధం? నీ జీతం ఇచ్చేది నేను!"

"గట్లయితే మీరే గుంజుకోర్రి సారు." పోశం పీట మీంచి లేచి పక్కకు జరిగాడు. "తాడు జారితే ఇరవై మంది ఎనక్కి పోతరు, జర సూసుకోర్రి."

పవన్‌కుమార్ లీవరు చూశాడు, బ్రేకు చూశాడు. చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. రెండో ట్రిప్పులో కూచున్న ఒకావిడ తన పిల్లను లేపి టబ్బులోంచి దింపింది. "బిళ్ళ లెక్క సూసినంకనే ఎక్కుతం" అంది. ఆమె వెనక మరొకరు దిగారు. పిల్లలు ఏడుపు అందుకున్నారు. పత్రికల వాళ్ళ కెమెరాలన్నీ ఇటు తిరిగాయి.

వేణుమాధవ్ ఆ కెమెరాల వైపు చూశాడు. తర్వాత మెడలోంచి దారం తీసి బిళ్ళను సారవ్వకు ఇవ్వబోయాడు.

ఆమె చేతులు కట్టుకుంది. "నాకెందుకు? మీది మీరే తగిలియ్యాలె."

అతను చెక్క దగ్గరికి పోయాడు. కొక్కెం దొరక్క కాసేపు తడుముకుంటే హాసిని వేలు పెట్టి చూపించింది. తగిలించాడు. "ఆ పోస్టర్లు తీసేయించు" అన్నాడు పవన్‌కుమార్‌తో, మొహం చూడకుండా, పళ్ళ మధ్య నుంచి. "రేకు బిళ్ళలు ఎంతలో అవుతాయో కనుక్కో." ఇష్టపడి అనలేదు. రేపు తనని మాన్పించినా మాన్పిస్తాడని సారవ్వకు తెలుసు.

సారవ్వ ఇరవై బిళ్ళలూ తీసి, మొదటి నుంచి, ఒక్కొక్కరి మెడలో వేసి ఎక్కించింది. నంబరు చదివింది, తిరిగి వాళ్ళతో చెప్పించింది. చెక్క మీద ఇరవై కొక్కేలూ ఖాళీ అయ్యాయి. పోశం పీట మీద కూచుని ఆమె వైపు చూస్తున్నాడు. హాసిని ఎప్పటిలాగే మధ్యలో వచ్చి నిలబడింది, ఇతనితో ఏం చెప్పమంటారు అన్నట్టు.

సారవ్వ ఆమెను పక్కకు జరిపింది.

"గుంజు" అంది పోశంతో. ఆ మాటలో ప్రేమ లేదు. దవడలు బిగుసుకునే ఉన్నాయి.

టబ్బులు చీకట్లోకి పోయాయి. పోశం కళ్ళు తుడుచుకున్నది ఆమె చూడలేదు. ఆమె చూపు ఖాళీ కొక్కేల మీదే ఉంది.